వానకు వోల్టులు కాదు, యూనిట్లు చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

తొలకరి పడితే చాలు, 'చినుకుతో కరెంటు' అనే వార్త ఏటా మళ్లీ మొలకెత్తుతుంది. ఒక్క బొట్టుకు 140 వోల్టులు వచ్చాయని, వంద ఎల్‌ఈడీలు వెలిగాయని రాస్తారు. రాసింది అబద్ధం కాదు. చదివేవారికి కావాల్సిన అంకె మాత్రం అందులో ఉండదు: మన మేడ మీద ఏడాది పొడుగునా పడిన వానకు ఎన్ని యూనిట్లు వస్తాయి? మీటరు తిరిగేది యూనిట్ల మీద, బిల్లు వచ్చేదీ యూనిట్ల మీదే. వోల్టులకేం, నైలాన్ చొక్కా విప్పుతుంటే చిటపటలాడేవి కూడా వేల వోల్టులే. వాటితో ఎవరూ ఫ్యాను తిప్పలేదు.

ఆ లేని అంకెను విశాఖ వానకు లెక్కగట్టి పంపుతున్నాం. ఉత్తరం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే మాటలు కత్తిరించండి, అంకెలు ఉంచండి.

విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన అనుకుందాం. అంతకంటే కాస్త ఎక్కువే పడుతుంది గానీ లెక్కకు వెయ్యి సులువు. అంటే ప్రతి చదరపు మీటరు మీద ఏడాదిలో పడే నీటి బరువు ఒక టన్ను. చినుకు ఎంత ఎత్తు నుంచి పడినా గాలి అడ్డుకుంటుంది కాబట్టి వేగం ఒక హద్దు దాటదు. 2 మి.మీ. చినుకు సెకనుకు ఆరున్నర మీటర్లు, 5 మి.మీ. లావు చినుకు 9 మీటర్లు. ఉదారంగా అన్నిటికీ 8 మీటర్లు వేసుకుందాం. ఆ కదలికలోని శక్తి కిలో నీటికి 32 జౌళ్లు (జౌలు అంటే శక్తికి కొలత), టన్నుకు 32 వేల జౌళ్లు. యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు, లేదా వెయ్యి వాట్ అవర్లు. చదరపు మీటరుకు ఏడాదికి 9 వాట్ అవర్లు కూడా రావడం లేదు. 100 చదరపు మీటర్ల మేడకు, మన లెక్కలో 120 గజాలకు, 0.9 యూనిట్. ఒక్క జౌలు కూడా పోకుండా పట్టుకుంటేనే ఈ మాట. అయిదు వాట్ల దోమల మందు మిషను వారం రోజులు నడుస్తుంది. ఏడాది వాన అక్కడితో సరి.

ఇంకోలా చూద్దాం. 4000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోను ఒకసారి నిండటానికి దాదాపు 55 వేల జౌళ్లు కావాలి. 2 మి.మీ. చినుకు మోసుకొచ్చేది 0.09 మిల్లీజౌలు. అంటే అరవై కోట్ల పైచిలుకు చినుకులు. అందులో పదో వంతే కరెంటుగా మారిందనుకుంటే ఆరువందల కోట్లు దాటుతాయి. అన్ని చినుకులంటే 26 వేల లీటర్ల నీరు, 100 చదరపు మీటర్ల మేడ మీద 260 మి.మీ. వర్షం. బంగాళాఖాతంలో తుపాను లేస్తే ఒక్క ఫోను చార్జింగు!

ప్రయోగశాలల్లో చేస్తున్నది చిన్న పని కాదు. 2020లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీ వాళ్లు చేసిన పరికరం చూడండి. విద్యుత్తు పారే పలుచని పూత ఉన్న గాజు పలక, దాని మీద టెఫ్లాన్ పొర, అంచున సన్నటి అల్యూమినియం పట్టీ, అంతే. చినుకులు పడగా పడగా టెఫ్లాన్ మీద విద్యుదావేశం (చార్జి) పేరుకుని నిలిచి ఉంటుంది. కొత్త బొట్టు పడి పరుచుకుంటూ అల్యూమినియాన్ని తాకిన క్షణాన స్విచ్చి వేసినట్టు సర్క్యూట్ పూర్తవుతుంది, పేరుకున్న ఆవేశం ఒక్కసారిగా కదులుతుంది. 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 100 మైక్రోలీటర్ల బొట్టు వదిలితే 140 వోల్టులు దాటింది. ఆ బొట్టు వ్యాసం దాదాపు 6 మి.మీ. వానలో అంత లావు చినుకు అరుదు, గాల్లోనే చిట్లిపోతుంది. పదిహేను సెంటీమీటర్లు పడటంలో దానికి వచ్చే శక్తి మొత్తం 0.15 మిల్లీజౌలు. ఎల్‌ఈడీలు వెలిగింది కొన్ని మిల్లీసెకన్లు. చదరపు మీటరుకు 50 వాట్లు అని వార్తల్లో వచ్చిన అంకె ఆ క్షణపు శిఖరం, రోజు సగటు కాదు. టపాకాయ వెలుగు చూసి ఇల్లంతా అంత వెలుగు ఉంటుందని లెక్కేసినట్టు అయింది.

2025లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ నుంచి వచ్చింది ఇంకో దారి. 32 సెంటీమీటర్ల ఎత్తు, 2 మి.మీ. వెడల్పు ఉన్న పాలిమర్ గొట్టం. పైనుంచి సూది ద్వారా బొట్లు వదిలితే గొట్టం మూతి దగ్గర గుద్దుకుని, కాస్త నీరు, కాస్త గాలి, మళ్లీ కాస్త నీరు, ఇలా ముక్కలు ముక్కలుగా దిగుతాయి. నీరు ధారగా పారితే గోడ దగ్గర ఆవేశాలు సరిగా విడిపోవు, ముక్కలుగా దిగితే విడిపోతాయి. ఇదే ఇందులోని కిటుకు. పడే నీటి శక్తిలో పది శాతం పైగా కరెంటుగా మారింది, 12 ఎల్‌ఈడీలు 20 సెకన్లు వెలిగాయి. సూది నుంచి పడే బొట్టు కంటే వాన చినుకు వేగం ఎక్కువ కాబట్టి నిజమైన వానకూ పనికొస్తుందని వాళ్లన్నారు, అదీ నిజమే. కానీ 2 మి.మీ. గొట్టాలను ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే చదరపు మీటరుకు లక్షకు పైగానే పడతాయి. మన మేడ మీద దుమ్ము, పావురాల ఈకలు, ఉప్పుగాలి సంగతి తెలిసినవాళ్లెవరైనా ఆ లక్ష గొట్టాలను ఎవరు కడుగుతారని అడుగుతారు.

బొట్టు పలకలను ఎక్కువ సంఖ్యలో కలిపితే అసలు చిక్కు వస్తుంది, వార్తల్లో కనిపించని భాగం ఇదే. పక్కపక్క పలకల మీద చినుకులు ఒకేసారి పడవు. ఒకటి ప్లస్సు ఇస్తున్నప్పుడు పక్కది మైనస్సు ఇస్తుంది. నేరుగా కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకని ప్రతి పలకకూ నాలుగు డయోడ్ల బ్రిడ్జి (అటూ ఇటూ వచ్చే కరెంటును ఒకే దిక్కుకు మళ్లించేది) విడిగా పెట్టాలి. వచ్చే కరెంటు మైక్రో యాంపియర్లలో ఉన్నప్పుడు డయోడ్ల లీకేజీ, కెపాసిటర్ లీకేజీ అందులోంచే తింటాయి. ఇక వాన జోరందుకుంటే పలక మీద బొట్లు విడివిడిగా నిలవవు, నీటి పొర కట్టేస్తుంది. పొర కట్టాక టెఫ్లాన్ మీది ఆవేశం నీటి కింద కప్పబడిపోతుంది. ఎక్కువ వాన పడ్డప్పుడే తక్కువ కరెంటు! దానికి తోడు నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది, బీచ్ రోడ్డు పక్క మేడ మీద ఉప్పుకు కొదవ లేదు.

ఇంత కొద్ది కరెంటు దేనికి పనికొస్తుందంటే, సంకేతానికి. పలక మీద పడిన ప్రతి చినుకూ ఒక దెబ్బ. దెబ్బలు లెక్కపెడితే వాన జోరు తెలుస్తుంది. సెన్సర్ పని సెన్సర్‌కు అప్పగించి, కరెంటు సంగతి వేరే చూసుకోవాలి.

ఇప్పుడు వాన గొట్టంలో టర్బైను మాట. ఇది ప్రయోగశాల సరుకు కాదు, ఎవరైనా కొటేషన్ పట్టుకుని అపార్ట్‌మెంటుకు రావచ్చు. అందుకే వివరంగా రాస్తున్నాం. 100 చదరపు మీటర్ల మేడ మీద గంటకు 50 మి.మీ. జడివాన పడితే సెకనుకు 1.4 లీటర్లు దిగుతుంది. పది మీటర్ల ఎత్తు. లీటర్లను మీటర్లతో, 9.81తో గుణిస్తే వాట్లు వస్తాయి, ఇక్కడ 136. చిన్న టర్బైను, చిన్న డైనమో కలిసి అందులో మూడో వంతు ఇస్తే గొప్ప: 45 వాట్లు. ఏడాది వానంతా ఇదే జోరున పడిందనుకున్నా వెయ్యి మిల్లీమీటర్లకు ఇలాంటి గంటలు ఇరవై. మొత్తం 0.9 యూనిట్. పై శ్లాబు ధర వేసుకున్నా పది రూపాయలు.

ఆ పది రూపాయలైనా చేతికి వస్తాయా? 110 మి.మీ. గొట్టంలో వాన నీరు నిండుగా దిగదు. గోడను అంటుకుని పలుచని పొరలా జారుతుంది, మధ్యలో అంతా గాలి. గొట్టం నిండితేనే పది మీటర్ల పీడనం కింద తగులుతుంది. నిండాలంటే కింద నాజిల్‌తో బిగించాలి. సెకనుకు 1.4 లీటర్లకు కావాల్సిన నాజిల్ రంధ్రం 11 మి.మీ., అంటే చిటికెన వేలు మందం. ఒక్క వేపాకు అడ్డం పడితే చాలు. ఆకు పడకపోయినా, వాన గంటకు 100 మి.మీ.కు పెరిగితే ఆ నాజిల్ సగం నీటినే పంపుతుంది. మిగతా సగం గొట్టంలో పైకి లేచి మేడ మీద నిలుస్తుంది. నిలిచిన నీరు వాటం సరిగా లేని చోట స్లాబులోకి దిగుతుంది, పై అంతస్తు పడకగదిలో చెమ్మ మచ్చ కనిపిస్తుంది. వాన సన్నగా, గంటకు 5 మి.మీ. పడితే గొట్టం అసలు నిండదు, టర్బైను కదలదు. ముసురుకు పని చేయదు, కుంభవృష్టికి మేడను ముంచుతుంది. మధ్యలో దానికి నచ్చిన వాన ఏడాదికి ఎన్ని గంటలు పడుతుందో కొటేషన్ తెచ్చినవారిని అడగండి. సెకనుకు ఎన్ని లీటర్లు, ఎన్ని మీటర్ల ఎత్తు, ఏడాదికి ఎన్ని గంటలు: ఈ మూడూ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

మరి వానతో కరెంటు రాదా అంటే, వస్తోంది. దాదాపు ఏడు దశాబ్దాలుగా వస్తోంది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడి మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది, సామర్థ్యం 120 మెగావాట్లు. అక్కడ టర్బైను తిప్పిన నీరు బలిమెల జలాశయంలోకి చేరుతుంది. అందులో మన వాటా కిందికి వచ్చి ఎగువ సీలేరులో 240 మెగావాట్ల యంత్రాలను, తర్వాత డొంకరాయిలో 25 మెగావాట్లను, ఆపైన మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్లను తిప్పుతుంది. తూర్పు కనుమల మీద ఆషాఢంలో పడిన చినుకు గోదావరిలో కలిసేలోగా నాలుగు చోట్ల పని చేస్తోంది. చినుకులోని 0.09 మిల్లీజౌలును ఎవరూ పట్టుకోలేదు. వేల చదరపు కిలోమీటర్ల కొండల మీద పడిన నీటిని ఒక చోటికి చేర్చి, వందల మీటర్ల కిందికి గొట్టాల్లో దించారు. విస్తీర్ణం, ఎత్తు. వాన కరెంటుకు ఈ రెండే పెట్టుబడి, మేడకు రెండూ లేవు.

చిన్న మోతాదులో ఈ రెండూ ఉన్న చోటు ఒకటుంది: ఏజెన్సీలో కొండ గెడ్డ, అంటే కొండ వాగు. సెకనుకు 5 లీటర్ల ధార, 20 మీటర్ల పల్లం ఉంటే 981 వాట్లు. సగం దక్కినా 490 వాట్లు, రాత్రీ పగలూ. రోజుకు పదకొండున్నర యూనిట్లు. పది పన్నెండు ఇళ్ల గూడేనికి దీపాలు, ఫోన్లు, ఒకట్రెండు టీవీలకు సరిపోతుంది. మేడ మీది టర్బైను ఏడాదికి ఇచ్చేది ఇది రెండు గంటల్లో ఇస్తుంది.

దీన్ని కట్టాలనుకునేవారు ముందు చేయాల్సింది కొలత. 20 లీటర్ల పెయింట్ బకెట్ ధార కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడాలి. నాలుగు సెకన్లలో నిండితే 5 లీటర్లు. ఈ కొలత ఆగస్టులో కాదు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీయాలి. ఆగస్టు గెడ్డను చూసి యంత్రం కొన్నవారికి వేసవిలో మిగిలేది తుప్పే. పల్లం కొలవడానికి తాపీ మేస్త్రీ వాడే సన్నటి పారదర్శక గొట్టం చాలు. అందులో నీళ్లు నింపి రెండు కొసల మట్టాలు చూసుకుంటూ మెట్టు మెట్టుగా కిందికి దిగాలి.

పైన మోకాలెత్తు రాతి కట్ట, పక్కనే ఇసుక దిగే తొట్టె, ఆ తొట్టెకు 10 మి.మీ. సందులున్న ఇనుప జాలీ. గొట్టం మూతి నీటి మట్టానికి కనీసం 30 సెంటీమీటర్ల కింద ఉండాలి. లేకపోతే సుడి తిరిగి గాలి పీలుస్తుంది, కింద యంత్రం దగ్గుతున్నట్టు నడుస్తుంది. ఇక గొట్టం. చవక అని 63 మి.మీ. వేస్తే 5 లీటర్ల ధారకు ప్రతి వంద మీటర్ల పొడవుకు 6 మీటర్ల దాకా పల్లం రాపిడికే పోతుంది. 110 మి.మీ. వేస్తే అర మీటరు లోపే. మూడు వందల మీటర్ల గొట్టం అయితే 63 మి.మీ. పైపులో ఇరవై మీటర్ల పల్లంలో మిగిలేది రెండు మీటర్లు. చాలా గూడేల పథకాలకు ప్రాణం పోయేది ఈ పైపు సైజు దగ్గరే. పై వాల్వు తర్వాత ఒక గాలి గొట్టం నిలబెట్టాలి, కింది వాల్వును మెల్లగా మూయాలి. ఠక్కున మూస్తే నీటి దెబ్బకు జాయింట్లు విడిపోతాయి.

యంత్రంగా మామూలు మోనోబ్లాక్ పంపునే తిరగేసి వాడొచ్చు. నీరు బయటికి తోసే మూతి నుంచి లోపలికి పంపితే పంపు టర్బైనవుతుంది, మోటారు కెపాసిటర్ల సాయంతో జనరేటరవుతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటి: 20 మీటర్ల పల్లానికి ప్లేటు మీద 20 మీటర్లని రాసిన పంపు కొనడం. పంపు టర్బైనుగా నడవాలంటే ప్లేటు మీద రాసినదాని కంటే ఎక్కువ ఎత్తు, ఎక్కువ నీరు కావాలి. 20 మీటర్ల చోటుకు 12 నుంచి 14 మీటర్ల పంపు, 5 లీటర్లకు మూడున్నర, నాలుగు లీటర్ల పంపు చూసుకోవాలి. పెద్ద పంపు పెడితే తిరుగుతుంది గానీ దమ్ముండదు.

ఆ తర్వాతి ఇబ్బంది రాత్రి పదింటికి మొదలవుతుంది. అందరూ లైట్లు ఆర్పుతారు, లోడు పడిపోతుంది, నీరు మాత్రం అంతే వస్తోంది. యంత్రం వేగం పెరుగుతుంది, వోల్టేజీ పెరుగుతుంది, వెలుగుతున్న ఒక్క బల్బూ ఠప్పుమంటుంది. అందుకని లోడ్ కంట్రోలర్ తప్పనిసరి. వాడని కరెంటును అది నీళ్ల తొట్టెలో ముంచిన హీటర్ కాయిల్‌కు మళ్లిస్తుంది. తొట్టెలో నీళ్లు ఎండితే కాయిల్ కాలిపోతుంది, కాయిల్ కాలితే మళ్లీ బల్బులు పోతాయి. కాబట్టి యంత్రం నుంచి బయటికి వచ్చే నీటిలో కొంత ఆ తొట్టెలోంచే పోయేలా పెట్టుకోవాలి. పిడుగుల కాలం కనుక లైనుకు అరెస్టరు, ఎర్తింగు. ఆరు నెలలకోసారి బేరింగుకు గ్రీజు. జాలీ మీద ఆకులు మాత్రం వానాకాలంలో రోజూ తీయాల్సిందే, ఆ పని ఎవరిదో గూడెంలో ముందే తేల్చుకోవాలి. గెడ్డ రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీ శాఖ అనుమతి లేకుండా రాయి కదపకూడదు.

నగరానికి వద్దాం. మేడ వానతో కరెంటు పుట్టించలేకపోయినా, ఖర్చయ్యే కరెంటును తగ్గించవచ్చు. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, 300 చదరపు మీటర్ల మేడ అనుకోండి. బోరులో నీటి మట్టం 60 మీటర్ల లోతున ఉంటే అక్కణ్నుంచి పై ట్యాంకు దాకా 80 మీటర్లు. వెయ్యి లీటర్లు ఎక్కించడానికి, పంపు సామర్థ్యం 35 శాతం అనుకుంటే, 0.62 యూనిట్ కాలుతుంది. అదే వెయ్యి లీటర్లు సంపులో ఉంటే ట్యాంకు దాకా 22 మీటర్లే, 0.17 యూనిట్. సంపులో చేరిన ప్రతి వెయ్యి లీటర్ల వాన నీటికి 0.45 యూనిట్ మిగులు. మేడ మీద ఏడాదికి చేతికందేది రెండున్నర లక్షల లీటర్లు. వానలన్నీ ఒకేసారి పడతాయి కాబట్టి సంపు పట్టేది అందులో మూడో వంతు, 85 వేల లీటర్లు. మిగిలే కరెంటు 38 యూనిట్లు. ఇదే మేడకు, 18 మీటర్ల ఎత్తుకు, రెండున్నర లక్షల లీటర్లూ గొట్టంలో టర్బైను మీద పోసినా వచ్చేవి 4 యూనిట్లకు అటూ ఇటూ. 38 యూనిట్లు కూడా డబ్బుగా చూస్తే పెద్ద మొత్తం కాదు, ఒప్పుకోవాలి. కానీ 85 వేల లీటర్ల నీరు ఉంది చూశారా, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదిహేడు. ఒక్క 30 మి.మీ. వాన ఏడున్నర వేల లీటర్లు తెచ్చిపెడుతుంది.

చేయాల్సిన పని గురించి నాలుగు మాటలు. మేడకు వాన గొట్టాలు నాలుగు ఉంటే ఒక్కోదానికి 75 చదరపు మీటర్లు. మొదటి ఒక మిల్లీమీటరు వాన దుమ్మును, రెట్టలను మోసుకొస్తుంది, దాన్ని సంపులోకి రానివ్వకూడదు. అంటే ఒక్కో గొట్టానికి 75 లీటర్లు పక్కకు. 160 మి.మీ. పైపు మీటరుకు పదిహేడు, పద్దెనిమిది లీటర్లు పడుతుంది, కాబట్టి గోడ వెంట 4 మీటర్ల పైచిలుకు నిలువు పైపు కింద మూత బిగించి పెడితే మొదటి నీరు అందులో నిండుతుంది. నిండాకే తర్వాతి నీరు సంపు వైపు తిరుగుతుంది. మూతకు 3, 4 మి.మీ. చిల్లు ఉంచాలి, వచ్చే వానలోగా అది ఖాళీ కావాలి. ఆ చిల్లు పూడుకుపోవడమే ఈ ఏర్పాటులో నంబర్ వన్ రోగం. వేసవిలో ఒకసారి మూత విప్పి కడిగితే చాలు.

వడపోతకు సన్న ఇసుక వద్దు. నాలుగు గొట్టాల నుంచి 50 మి.మీ. వానకు గంటకు 15 వేల లీటర్లు వస్తుంది, సన్న ఇసుక అంత నీటిని మింగలేక పొంగిస్తుంది. 20 మి.మీ. కంకర, దాని మీద 6, 10 మి.మీ. చిప్స్, పైన ముతక ఇసుక, పొరకూ పొరకూ మధ్య నైలాన్ జాలీ. ఈ నీరు ఫ్లష్‌కు, బట్టలకు, నేల తుడవడానికి. తాగడానికి కాదు. కార్పొరేషన్ నీళ్లు వచ్చే సంపులోనే కలిపేవారు కుళాయి మూతిని నీటి మట్టానికి పైన ఉంచాలి, మునిగితే వాన నీరు లైనులోకి వెనక్కి పోతుంది. సంపు పొంగు గొట్టం లోపలికి వచ్చే గొట్టమంత లావు ఉండాలి, ఆ పొంగు ఇంకుడు గుంతకు పోవాలి. గుంత సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. బీచ్ వైపు కాలనీల్లో ఈ గుంత మరీ అవసరం, బోర్లు తోడేకొద్దీ ఉప్పునీరు లోపలికి వస్తుంది. కొండవాలు కాలనీల్లో మాత్రం గుంత తవ్వకండి. వాలు మట్టిలోకి వదిలిన నీరు కింది ఇంటి గోడ వెనక తేలుతుంది, జడివానలో ఆ గోడ నిలవకపోవచ్చు. అక్కడ పొంగు కాలువలోకే పోవాలి.

సోలార్ గురించి ఒక్క పోలిక చెప్పి వదిలేస్తాం. ఇదే 300 చదరపు మీటర్ల మేడ మీద 10 కిలోవాట్ల పలకలు పెడితే మంచి ఎండ రోజున 40 యూనిట్లు వస్తాయి. దట్టంగా ముసురు పట్టిన రోజున అందులో పదిహేను శాతమే వచ్చినా ఆరు యూనిట్లు. వాన గొట్టంలోని టర్బైను ఏడాదంతా ఇచ్చేదాని కంటే, ఎండే లేని ఒక్క వాన రోజున సోలార్ పలక ఇచ్చేది ఎక్కువ. పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంటు సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాటుకు 18 వేల రాయితీ కూడా ఉంది. తుపాను గాలికి తట్టుకునే బిగింపు ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన ఊరిది, నట్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. నీటి మీద సోలార్ చూడాలంటే ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్లు, సింహాద్రి జలాశయం మీద 2021లో వచ్చిన 25 మెగావాట్లు దగ్గర్లోనే ఉన్నాయి.

అందువల్ల మీ విలేకరులకు, ఉపసంపాదకులకు మా విన్నపం ఒక్కటే. 'చినుకుతో కరెంటు' వార్త వేయండి, తప్పేం లేదు. వేసేటప్పుడు చివర ఒక వాక్యం చేర్చండి: 100 చదరపు మీటర్ల మేడకు, వెయ్యి మిల్లీమీటర్ల వానకు, ఏడాదికి ఇన్ని యూనిట్లు. వార్తలో ఆ అంకె లేకపోతే గుణించడానికి కావాల్సినవన్నీ పైన ఉన్నాయి.

ఇక ఇది చదివే సైన్సు మాస్టార్లకు. పిల్లలకు వాన కరెంటు చూపించాలంటే టెఫ్లాన్ పలకలు కొనక్కర్లేదు. లార్డ్ కెల్విన్ 1867లో చెప్పిన నీటి బొట్ల యంత్రం సాయంత్రం ఒక పూటలో కట్టొచ్చు. ఎత్తులో ఒక ప్లాస్టిక్ బకెట్, దానికి మిల్లీమీటరు మూతి ఉన్న రెండు సన్న గొట్టాలు. ఒక్కో గొట్టం కింద రాగి తీగతో చుట్టిన ఆరు సెంటీమీటర్ల రింగు, దాని కింద పాలపొడి డబ్బా. ఎడమ డబ్బాను కుడి రింగుకు, కుడి డబ్బాను ఎడమ రింగుకు తీగతో కలపాలి. తీగలు ఒకదానికొకటి తగలకూడదు. ధార రింగు మధ్యలోకి వచ్చేసరికి బొట్లుగా విరగాలి. రింగు దాటాక విరిగితే పని చేయదు, అప్పుడు రింగును కిందికి జరపండి. ఒక డబ్బాలో దైవాధీనంగా కాస్త మైనస్సు చేరితే చాలు, అది ఎదుటి రింగు ద్వారా అటు బొట్లకు ప్లస్సు ఎక్కిస్తుంది, ఆ ప్లస్సు తిరిగి ఇటు మైనస్సును పెంచుతుంది. నిమిషం లోపే టెస్టరులోని నియాన్ బల్బు మిణుక్కుమంటుంది, బొట్లు డబ్బాలో పడకుండా పక్కకు చిమ్ముతాయి. అప్పటికి వోల్టులు వేలల్లో ఉంటాయి. అయిదు వేలు అనుకుని, డబ్బా ధారణశక్తి 10 పికోఫారడ్లు వేసి, నిల్వ ఉన్న శక్తి ఎంతో బోర్డు మీద కట్టించండి: మిల్లీజౌలులో ఎనిమిదో వంతు. విశాఖ తేమకు ఈ యంత్రం మొరాయిస్తుంది, డబ్బాల కింద పెట్టిన ప్లాస్టిక్ మీద కంటికి కనిపించని చెమ్మ గుండా ఆవేశం కారిపోతుంది. డబ్బాలను పొడి థర్మోకోల్ మీద పెట్టి, మొదలుపెట్టే ముందు ప్లాస్టిక్ భాగాలన్నిటికీ హెయిర్ డ్రయ్యర్ రెండు నిమిషాలు పట్టండి. వాన పడుతున్న రోజు మాత్రం పెట్టుకోకండి.

భవదీయులు,
కొందరు విద్యుత్ ఇంజినీర్లు,
విశాఖపట్నం